కొంచెం లోపలికి జరగండి

మే నెల మధ్యాహ్నం రాయ్‌పూర్‌లో కిటికీ తెరిచే వాళ్లుండరు. మోవాలోని ఆ రెండు గదుల ఇంట్లో పరదాలన్నీ దించేసి ఉన్నాయి. హాల్లో కూలర్ గడగడమంటోంది. తడిసిన వట్టివేళ్ల వాసన ఇల్లంతా పరుచుకుంది. మంచం మీద అత్తగారు శేషమ్మ గుర్రు పెడుతోంది, ఆమె పక్కన అయిదేళ్ల మనవరాలు ప్రియ పడుకుంది. పడకగదిలో కల్యాణి ఒక్కతే, అరచేతంత డిజిటల్ కెమెరా పట్టుకుని కూర్చుంది.

మర్నాడు అక్క రజని పెద్దకర్మ. దండ వేయడానికి ఫోటో కావాలి. సాయంత్రంలోగా ఇస్తేనే ఫ్రేము కట్టి ఇస్తానన్నాడట షాపువాడు. ఆ మాట చెప్పి భర్త ఉమేష్ విస్తరాకుల కోసం బజారుకి వెళ్లాడు. మొగుడు పోయి చెల్లెలి ఇంట్లో చేరిన మనిషికి ఫోటోలు ఎవరు తీశారు గనక? ఓటరు కార్డు మీదున్నది మొహమో మసిమరకో చెప్పలేం. ఉన్న ఒక్క మంచి ఫోటోలోంచీ అక్కని కోసేసింది కల్యాణే.

ప్రియకి చెవులు కుట్టించిన రోజు తీసిన ఫోటో అది. రజని వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోతే, ప్రియ వెళ్లి పెద్దమ్మ కొంగు పట్టుకుని లాక్కొచ్చింది. ఉమేష్ కెమెరాలోంచి చూస్తూ, "వదినా, కొంచెం లోపలికి జరగండి" అన్నాడు. రజని మొహమాటంగా జరిగి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. ఎడమ చివర రజని, తర్వాత కల్యాణి, ప్రియ, కుడి చివర శేషమ్మ.

ఊళ్లో చుట్టాలకి పంపే ముందు శేషమ్మ చూసింది. "శుభమా అని చెవులు కుట్టిస్తే ఆవిడెందుకే అందులో? కాట్ దే" అంది. కొయ్యమని హిందీలో చెబితే పాపం అంటదనుకుందో ఏమో.

కల్యాణి ఎదురు చెప్పలేదు. ఆ కెమెరాలోనే కోసే వీలుంది. ఫోటో మీద ఒక గడి వస్తుంది. బాణం బటన్లతో దాన్ని జరిపితే, గడిలో ఉన్నంత వరకే కొత్త ఫోటోగా మిగులుతుంది. గడిని కుడికి జరిపింది. ఎంత జరిపినా తన భుజం మీద నాలుగు వేళ్లు ఉండిపోయాయి. ఇంకా జరిపితే తన భుజమే తెగేలా ఉంది. అలాగే వదిలేసింది. తర్వాత కార్డు నిండిపోతే అసలు ఫోటోని కూడా తీసేసింది.

ప్రింటు వచ్చాక రజని దాన్ని చాలాసేపు చూసింది.

"ఈ చెయ్యి ఎవరిదే?" అంది, నవ్వుతూనే.

"ఎవరిదో" అంది కల్యాణి, పప్పు తిరగమోత పెడుతూ.

ఆ తర్వాత కొన్నాళ్లకే కామెర్లు ముదిరి రజని పోయింది. 'ఎవరిదో' అన్న ఆ ఒక్క మాటా అప్పటి నుంచి కల్యాణి గొంతులో అడ్డం పడి ఉంది. ఇప్పుడు తెర మీద ఆ నాలుగు వేళ్లూ చూస్తుంటే సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఒక్కసారి కనపడవే అక్కా" అని గొణిగింది.

తర్వాతి ఫోటోకి వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. వేళ్ల వెనక మణికట్టు ఉంది.

ముందు చూసుకోలేదేమో అనుకుంది. మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి. మోచెయ్యి దాకా వచ్చింది. కడ్డీ గీసుకున్న పాత మచ్చతో సహా. భయపడాల్సింది పోయి ప్రాణం లేచొచ్చింది కల్యాణికి. అక్క వస్తోంది. ఫ్రేము కట్టించొచ్చు. తనకి క్షమాపణ దొరుకుతుంది. గబగబా నొక్కింది. ముదురాకుపచ్చ చీర అంచు... భుజం...

అప్పుడు చూసింది కుడివైపు. శేషమ్మ లేదు.

గడి పెద్దది కాలేదు. జరిగింది, అంతే. ఎడమ నుంచి ఒకరు లోపలికి వస్తుంటే కుడి నుంచి ఒకరు బయటికి పోతున్నారు.

హాల్లో గుర్రు ఆగిపోయింది.

అక్కడైనా ఆపాల్సింది. ఆపలేదు. 'నువ్వే కదా కొయ్యమన్నావు' అని లోపల ఎవరో అత్తగారిని అన్నట్టనిపించింది. అది తన గొంతే. ఇంకోసారి నొక్కింది. రజని చెవి, చెంప అంచు వచ్చాయి. కుడివైపు ప్రియ సగమే ఉంది. కొత్తగా కుట్టిన చెవి తెగిపోయింది.

ఇంకొక్క నొక్కుతో అక్క మొహం పూర్తిగా వస్తుంది.

కల్యాణి బొటనవేలు వెనక్కి తీసుకుంది. కెమెరాని మంచం మీద పడేసి హాల్లోకి పరుగెత్తింది.

మంచం మీద దుప్పటి నలిగి ఉంది. తలగడ పక్కన కళ్లజోడు. వీధి తలుపు లోపల గడియ పెట్టే ఉంది. ప్రియ కుడివైపు గోడకి అతుక్కుని నిలబడింది.

"నానమ్మ ఏదే?"

"జరిగింది."

"ఎక్కడికి?"

ప్రియ గోడని చూపించింది. "పెద్దమ్మకి జాగా కావాలంట" అంది మెల్లగా. "నన్ను కూడా జరగమంటోంది."

కల్యాణి కూతుర్ని లాగి గుండెకి హత్తుకుంది. కూలర్ గాలి ఆగినట్టయింది. వట్టివేళ్ల వాసన పోయి, రజని రాసుకునే కొబ్బరినూనె వాసన వచ్చింది. భుజం మీద ఏదో ఆనింది. చల్లగా... నాలుగు వేళ్లు.

ప్రియ తలెత్తి అమ్మ భుజం వైపు చూసింది.

"అమ్మా, ఈ చెయ్యి ఎవరిది?"

కల్యాణికి వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

"అక్కది" అంది చివరికి. "మా అక్కది. తప్పయిపోయిందే అక్కా... పాపని వదిలెయ్."

వేళ్లు భుజాన్ని మెల్లగా నొక్కాయి. బతికుండగా ఓదార్చినట్టే.

ఎవరూ లేని పడకగదిలో కెమెరా బటన్ టిక్కుమంది.