కోడలి ఉపన్యాసం, అత్తగారి దిష్టి

పొద్దున్నే వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న సుబ్బరావమ్మకు పక్కింటి పుల్లమ్మ ఆ కబురు మోసుకొచ్చింది. నిన్న పొరుగూళ్లో కోడలు తేజశ్రీ ఉపన్యాసానికి జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారట. ఎవరి గురించి? ఇంకెవరి గురించి, అత్తగారి గురించే!

తేజశ్రీ గుంటూరు బ్రాడీపేటలో ఓ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. రెండేళ్ల కిందట ఆ ఉద్యోగం మానేసి, ఊరూరా తిరుగుతూ సైన్సు కథలు చెప్పడం మొదలెట్టింది. మన మిరపకాయ ఏ సముద్రాలు దాటి వచ్చిందో, దుర్భిణీలో చందమామ మొదట ఎలా కనబడిందో అన్నీ నవ్విస్తూ చెప్పేది. గారడీ అని ఊరు ఎకసెక్కాలాడినా సుబ్బరావమ్మ కోడలి వైపే నిలబడింది. కోడలు తిరిగొచ్చిన ప్రతిసారీ దిష్టి తీస్తూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే, "చూశావా, ఎంత దిష్టో" అనేది.

సరిగ్గా దాన్నే వేదికెక్కించింది మహాతల్లి. నిప్పులు కణకణలాడుతుంటే కాయ భగ్గున కాలిపోతుందనీ, ఇక ఘాటెక్కడిదనీ, చెబితే మా అత్తయ్య వినదనీ, చేతులు తిప్పి మరీ చూపించిందట.

కోడలు కాఫీ తెచ్చేసరికి సుబ్బరావమ్మ మొహం మాడ్చుకుని ఉంది.

"నవ్వించడానికి నేనే దొరికానా?"

"సరదాకన్నాను అత్తయ్యా," తేజశ్రీ తెల్లబోయింది.

"నువ్వు చల్లగుండాలని దణ్ణం పెట్టుకుని తిప్పిన చెయ్యే ఇది. దాన్ని నలుగురిలో గేలి చేశావు. సాయంత్రం మన ఊరి బళ్లో చెప్పేదే ఆఖరుది, దానికీ నేను రాను. రేపట్నుంచి మళ్లీ బ్రాడీపేటకే పో."

రానని భీష్మించుకున్న మనిషి సాయంత్రానికి బడికి వెళ్లనే వెళ్లింది. పుల్లమ్మ చాటున నక్కి నిలబడింది. తేజశ్రీ ఈసారి నవ్వించలేదు.

"పెళ్లయిన కొత్తలో తొడిమలు తీసి చేతులు మండితే, ఎమ్మెస్సీ చదివినదాన్ని, నీళ్లలో పెట్టుకుని ఏడ్చాను. మా అత్తయ్య నూనె రాసి మంట తగ్గించింది. మిరప మంట నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. నేను పుస్తకాల్లో వెతుక్కున్న సంగతి ఆవిడ చేతుల్లో ఎప్పట్నుంచో ఉంది. అలాంటి మనిషిని నిన్న నవ్వులపాలు చేశాను. తప్పు నాది. అత్తయ్యా, ఈ మిరపకాయ కథ మీరే చెప్పాలి, రండి."

పుల్లమ్మ సుబ్బరావమ్మను ముందుకు నెట్టింది. ఆవిడ తను కాపరానికొచ్చిన ఏడాది కారం చేత్తో కళ్లు నులుముకుని, వీధంతా పరుగెత్తిన వైనం చెప్పేసరికి బడి బడంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆమెకు హాయిగా ఉంది.

ఇంటికి రాగానే పొయ్యి రాజేసి, "కూర్చో. ఊరి కళ్లన్నీ నీ మీదే," అంది. తేజశ్రీ మారుమాటాడకుండా తూర్పుముఖంగా కూర్చుంది. మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. గుప్పున ఘాటు లేచి అత్తాకోడళ్లిద్దరికీ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"ఘాటొచ్చిందిగా అత్తయ్యా, దిష్టి లేనట్టేగా?"

"నోర్ముయ్," అంది సుబ్బరావమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. "రేపు ఏ ఊరు? నేనూ వస్తా."