నెల తప్పిన కోడలు

“నా కోడలు నెల తప్పిందే నీలమ్మా! ఇన్నొద్దులకు దేవుడు సూశిండు!”

పెరటి గోడ దగ్గర నిలబడి పక్కింటామెతో అత్త రుక్మాబాయి అంటున్న మాట చెవిన పడగానే, పూజిత చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి గట్టుకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. అయ్యో... ఎంత పని అయింది! రెండు నెలలుగా తనకు ముట్టు రాకపోవడం అత్త కనిపెడుతూనే ఉంది. బిందె ఎత్తనివ్వదు, వంగి ఊడవనివ్వదు. ఆ ముఖంలో ఇన్నేళ్లకు వచ్చిన వెలుగు చూశాక నిజం చెప్పడానికి పూజితకు నోరెలా వస్తుంది!

లోకంలో ఏ ఆడదానికైనా నెల తప్పితే పండగ. పూజితకు అదే జబ్బు! పీసీఓడీ అని, అండం సరిగ్గా విడుదల కావడం లేదని, అందుకే నెలలు తప్పుతున్నాయని ఇబ్రహీంపట్నం డాక్టరమ్మ ఏనాడో చెప్పింది. “పిల్లలు పుట్టరని కాదమ్మా, ఓపిక పట్టాలి” అంది. పట్టింది. మాత్రలు, సూదులు, స్కానింగులు... అన్నం తగ్గించమంటే తగ్గించింది, నడవమంటే నడిచింది. గడ్డం మీద మొలిచే వెంట్రుకలను తలుపు గడియ పెట్టుకుని పీక్కుంటూ ఎంత ఏడ్చిందో! ఈసారీ ఇంట్లోనే పరీక్ష చేసుకుంది. ఒకటే గీత... భర్త శ్రీశైలానికి చెబితే, “అమ్మకు నువ్వే చెప్పరాదు... నాతోని కాదు” అని పొద్దున్నే ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

రుక్మాబాయి కొంగులో చింతకాయలు పోసుకుని లోపలికొచ్చింది.

“నీలమ్మ ఇచ్చింది బిడ్డా! పుల్లగ తినబుద్ధయితది గద...”

ఆ కాయలు చేతిలో పడగానే పూజిత దుఃఖం కట్ట తెగింది.

“నేను నెల తప్పలే అత్తమ్మా! గది నా జబ్బు... పరీక్ష చేసుకున్న. ఏం లేదు!”

“ఏం లేదా! మరి నన్నెందుకు మురిపించినవే? వాడకట్టంత చెప్పుకుంటి... నా మొఖం యాడ వెట్టుకోవాలె?”

“నువ్వు నవ్వుతుంటె చెప్పబుద్ధి కాలే! అలసిపోయిన అత్తమ్మా... సూదులకు కాదు, నెలనెలా నీకేం చెప్పాల్నో అని అలసిపోయిన! నీ కొడుకుకు ఇంకో పెండ్లి చెయ్యి. నేను మా తల్లిగారూరు మంచాలకు, మా అవ్వ తానికి వోత...”

రుక్మాబాయి కోడలిని అప్పుడు చూసింది. వాచిన కళ్లు, నల్లబడిన మెడ, సూదులకు కమిలిన చెయ్యి... ఇన్నేళ్లూ ఆ పిల్ల కడుపు వైపే చూసింది గానీ, ముఖం వైపు చూసిందెప్పుడు!

పక్కన కూలబడి, కోడలి తల నిమిరింది.

“ఏడ నొస్తుంది బిడ్డా?”

పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి! పూజిత అత్త ఒళ్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“రుక్మక్కా! ఎన్నో నెల?” గోడ అవతల నుంచి నీలమ్మ కేక.

రుక్మాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుని గోడ దగ్గరికి నడిచింది.

“నేనే తొందరపడ్డ నీలమ్మా. నా కోడలికి పానం బాగలేదు. పిల్లలైతే అయితరు, లేకుంటె లేదు... అడిగేదేమన్న ఉంటె నన్నడుగుండ్రి. దాన్ని ఒక్క మాట అడిగిన్రో, ఊకోను!”

 నీలమ్మ తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన శ్రీశైలాన్ని తల్లి గడపలోనే ఆపింది. “సప్పుడు చెయ్యకు, పిల్ల పండుకుంది. పెండ్లాం బాధ చెప్పనీకి నీకు నోరు రాలేదారా?”  అతను చెప్పులు విడిచి లోపలికెళ్లి, పూజిత కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“రేపు దవాఖానకు నేను గూడ వస్త బిడ్డా,” అంది రుక్మాబాయి, కోడలు కళ్లు తెరవగానే.

“ఈ నెల వద్దత్తమ్మా... ఈ ఒక్క నెల సూదులు లేకుండ ఊకుంట.”

“ఊకో తల్లీ...” దుప్పటి సర్దింది అత్త. “నీకు బుద్ధయినప్పుడే పోదాం.”

పూజిత మళ్లీ కళ్లు మూసుకుంది. ఆ పూట ఆమెను ఎవరూ లేపలేదు.