గులాబీ రంగు రాని గ్లాసు

పొద్దున్నే పెరట్లోకి వచ్చిన అమ్మాయికి షెడ్డు ముందు తన డబ్బా బోర్లా పడి కనిపించింది. తమ హోటల్లో వాడేసిన నూనెను వడకట్టి, మందులు కలిపి, కడిగి, ఆరబెట్టి తను కష్టపడి చేసిన డీజిల్ అందులో ఉండాలి. అదంతా చెత్త పీపాలో తేలుతోంది.

"ఎవరు పారబోశారు?"

"నేనే," అన్నాడు తండ్రి, గిన్నెలు వ్యానులోకి ఎక్కిస్తూ. "నువ్వు చేసే ఆమ్లం పరీక్ష నేనూ చేశాను. చుక్కలు వేసి వేసి చెయ్యి పడిపోయింది గానీ గులాబీ రంగు రాలేదు. అంత పులుపు పోస్తే నా ఇంజను ఉంటుందా?"

స్పిరిట్లో కాస్త డీజిల్ కలిపి, రంగు మందు వేసి, ఆమ్లాన్ని విరిచే కాస్టిక్ నీళ్ళు చుక్కలుగా వదలాలి. గులాబీ రంగు ఎంత తొందరగా వచ్చి నిలిస్తే ఆమ్లం అంత తక్కువ. ఆయనకు ఆ పరీక్ష నేర్పింది తనే. అందుకే ఆమెకు ఒళ్ళు మరింత మండిపోయింది.

"నన్ను లేపొచ్చుగా."

"లేపితే బాగుందనే అంటావు. ఇవాళ్టితో ఆ షెడ్డుకి తాళం."

"పోనీలేవే, మళ్ళీ చేసుకుందువుగాని," అంది తల్లి కిటికీలోంచి.

"నువ్వూరుకోమ్మా. పాడైతే నేనే పారబోసేదాన్ని. నాన్నకి ఇంత ఆత్రం దేనికి? ఏ గ్లాసులో చేశావు నాన్నా?"

"హోటల్ గ్లాసులో. నీ గ్లాసు మసిగుడ్డలా ఉంది. తర్వాత నువ్వు వంక పెట్టకుండా నిమ్మచెక్కతో తళతళా తోమి మరీ చేశాను."

"నీళ్ళతో కడిగావా?"

"కడిగితే మరకలు పడవూ? గుడ్డతో తుడిచాను."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన అలాగే తోమిపెట్టిన ఇంకో గ్లాసు తెచ్చి ఒట్టి స్పిరిట్, రంగు మందు పోసి, కాస్టిక్ చుక్కలు వదిలింది. ఎన్ని వేసినా రంగు రాలేదు.

"ఇందులో డీజిల్ బొట్టు కూడా లేదు. పులుపంతా నీ నిమ్మకాయది."

గ్లాసును శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, డబ్బా అడుగున మిగిలిన డీజిల్ వంచి మళ్ళీ మొదలుపెట్టింది. రెండో చుక్కకే గులాబీ రంగు వచ్చి, అలాగే నిలిచిపోయింది.

తండ్రి పీపా వైపు చూశాడు.

"ఒక్క మాట అడిగుంటే చెప్పేదానివి కదా."

"అడగలేదు కదా నాన్నా. నేను చేసిందంటే పాడయ్యే ఉంటుందని నీకు ముందే తెలుసుగా."

అంతసేపూ ఆపుకున్న ఏడుపు ఆ మాటతో తన్నుకొచ్చింది. ఆయన దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. తనూ కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి, నిన్నటి నూనె డబ్బా మోసుకొచ్చి షెడ్డులో ఆమె బల్ల పక్కన దించాడు. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పు నాదేనమ్మా. నూనె నేను వడకడతాను. ఏం చెయ్యాలో చెప్పు."

"చెప్తాను," అంది ముక్కు తుడుచుకుంటూ. ఆమె కోపం ఇంకా పోలేదు. "గ్లాసులు మాత్రం ముట్టుకోకు."