మానుకోటకు నలభై ఆరు మార్కులు

"ఏం సార్, మిషన్లు జప్తు చేయనీకి వచ్చిండ్రా?"

అజయ్ గొడుగు ముడుస్తూ గడప మీదే ఆగిపోయాడు. లోపల పన్నెండు కుట్టుమిషన్లు ఒక్కసారిగా ఆగాయి. అడిగిన పిల్ల మెడలో కొలతల టేపు వేసుకుని, చేతిలో కత్తెర పట్టుకుని నిలబడి ఉంది. వానకు తడిసిన ప్యాంటు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, జేబులో మూడు పెన్నులు. చెప్పొద్దూ, జప్తుకు వచ్చినవాడి వాలకమే అతనిది.

"జప్తు కాదండీ, సర్వే. హైదరాబాద్ కంపెనోళ్ళు యాభై మిషన్ల కుట్టు సెంటర్ పెడ్తరట. జనగామల పెట్టాల్నా, భూపాలపల్లిల పెట్టాల్నా, మానుకోటల పెట్టాల్నా అని చూస్తున్నరు. ఏ ఊరోళ్ళు బాగ కష్టపడ్తరో నేను రాసియ్యాలె."

"అమ్మో! గిదొక నౌకరా? కోడిగుడ్డు మీద ఈకలు పీకే నౌకరి!"

పన్నెండు మందీ పగలబడి నవ్వారు. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉన్నా ఊళ్ళో అందరూ మానుకోట అనే అంటారు. అప్పటికి ఆ మూడూ ఒకే జిల్లాలోని ఊళ్ళు. రాష్ట్రం ఇంకా రాలేదు. ఏ గోడ చూసినా జై తెలంగాణే ఉన్న రెండువేల పదకొండు శ్రావణం అది.

"పోనియ్ నవ్యా, పిలగాడు తడిసిండు, కూసోనియ్" అంది కిటికీ దగ్గర కుడుతున్న పెద్దావిడ గోరీ.

నవ్య కూర్చోనిచ్చింది. కానీ ఊరికే కాదు. ఒక బడిపిల్లాడి చొక్కా, సూదీ దారం ఒళ్ళో పడేసింది.

"మా కష్టం నువ్వు చూస్తనంటివి గద. నీ కష్టం మేం చూస్తం. ఒక్క గుండీ కుట్టు."

అజయ్ పదకొండు నిమిషాలు కుట్టాడు. రెండుసార్లు వేలు పొడుచుకున్నాడు. తీరా చూస్తే గుండీతోపాటు చొక్కా రెండు పక్కలనూ కలిపి కుట్టేశాడు. ఇక ఆ చొక్కా ఏ పిల్లాడూ విప్పలేడు.

"వందకు నాలుగు" అంది నవ్య. "సూది పట్టుకున్నందుకు."

టీ తాగుతున్నప్పుడు మాత్రం నవ్వడం మానేసి అడిగింది. "నిజంగ సెంటర్ వస్తదా సార్?"

"ఎక్కువ మార్కులొచ్చిన ఊరికి వస్తది."

"వస్తే మా తండా పిల్లలం ఎనిమిది మందిమి ఇంటికాన్నే ఉంటం. రాకుంటే దసరాలోపు హైదరాబాద్ పోవాలె. మా బాపు అప్పుడే ఒక కంపెనీల మాట్లాడిపెట్టిండు. నిరుడు పోయినోళ్ళు ఒక్కో రూముల పదిమంది పండుకుంటున్నరట." ఆ మాటకు తనే తల విదిలించుకుంది. "జర మంచిగ చూసి రాయి సార్. గంతే."

"మళ్ళ మంగళవారం వస్త" అన్నాడు. తనిఖీకి వచ్చే రోజు ముందుగా చెప్పకూడదని కంపెనీ నియమం. ఆ నియమం అతనికి రైలెక్కాక గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా పెద్దగా బాధపడలేదు.

పద్ధతి ఏమిటంటే, ఒక్కో ఊరికి మూడుసార్లు వెళ్ళాలి. పదింటికో నాలుగింటికో కుట్టుగదిలో తలలు లెక్కపెట్టాలి. కళ్ళకు కనిపించిందే రాయాలి. కారణాలు రాయడానికి కాగితంలో చోటు లేదు.

భూపాలపల్లిలో లెక్క తేలికగా తేలింది. అక్కడ బొగ్గుబాయి సైరన్ కూస్తే ఊరంతా లేస్తుంది, కూస్తే తింటుంది. బాయి కార్మికుల ఇళ్ళలోని ఆడవాళ్ళు కూడా సైరన్‌తోపాటే మిషన్ల ముందు కూర్చున్నారు. డెబ్బై ఎనిమిది వేశాడు.

జనగామ అజయ్ సొంత ఊరు. అక్కడ కుట్టుగది తెరవకముందే ఆడవాళ్ళంతా వచ్చి గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళమ్మ పుష్పమ్మ ముందురోజే వాడకట్టంతా తిరిగి, "మా అజయ్ రేపు లెక్క రాయనీకి వస్తుండు, ఇజ్జత్ కాపాడుండ్రి" అని చెప్పి వచ్చింది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ ఎనభై రెండు వేశాడు. కన్నతల్లి మాట కదా అనుకున్నాడు.

మంగళవారం వచ్చింది. అజయ్ నీలం గుండీల అట్ట ఒకటి కొని జేబులో పెట్టుకున్నాడు. ఆ వారమంతా ఇంట్లో తన చొక్కాల గుండీలు తెంపి మళ్ళీ కుట్టుకుంటూ గడిపాడు మహానుభావుడు. సరిగ్గా పదింటికి కుట్టుగదిలో కాలుపెట్టాడు. నాలుగు మిషన్లే నడుస్తున్నాయి. నవ్య లేదు.

"పిల్లలు తీజ్ పండుగ బుట్టలకు నీళ్ళు పోయనీకి తండాకు పోయిండ్రు" అంది గోరీ. "జర కూసో సార్, పదకొండింటికల్లా వస్తరు."

"పనిదినాన పండుగేంది?"

"గట్ల కాదు సార్, చెప్పేది ఇను…"

అతను వినలేదు. నేనొస్తానని తెలిసి కూడా పోయిందా అన్నదొక్కటే అతని బుర్రలో తిరుగుతోంది. ఇంకో గంట కూర్చుంటే కొంప మునిగేదా? మునగదు. కానీ అలిగినవాడికి గంట కూడా యుగమే. దొరికిన ప్యాసింజర్ ఎక్కేశాడు. మర్నాడు నాలుగింటికి వచ్చాడు. మళ్ళీ అవే నాలుగు మిషన్లు, మళ్ళీ గోరీ, మళ్ళీ "ఐదింటికి వస్తరు సార్, జర కూసో." ఈసారి గడప కూడా దాటలేదు. రైల్లో కూర్చుని ఒళ్ళో కాగితం పెట్టుకుని "పండుగ పేరుతో గైర్హాజరు" అని రాశాడు. పక్కన నలభై ఆరు వేశాడు. వేసేటప్పుడు పెన్ను కాగితానికి చిల్లు పెట్టింది.

పది రోజులు గడిచాక ఫోన్ వచ్చింది.

"కంగ్రాట్స్ సార్. సెంటర్ మీ ఊరికే ఇచ్చుకున్నరట."

"నవ్యా… నేను చూసిందే రాసిన. రెండు దినాలొచ్చిన, నువ్వు లేవు."

"ఒకసారి రా" అంది. కోపంగా అన్నా బాగుండేది. చాలా మామూలుగా అంది.

వెళ్ళాడు. ఆమె హాజరు పుస్తకం తెరిచి ముందు పెట్టింది. తీజ్ జరిగిన తొమ్మిది రోజులూ, ఎనిమిది మంది పెళ్ళికాని పిల్లల పేర్ల ఎదుట వచ్చిన టైము ఐదు గంటలని రాసి ఉంది. పొద్దున ఐదు.

"బుట్టలల్ల గోధుమలు నారు పోసినంక తొమ్మిది దినాలు పెండ్లిగాని పిల్లలమే నీళ్ళు పొయ్యాలె. దినానికి మూడుసార్లు. ఇంకొకలు పొయ్యరాదు. ఎవలి మొలకలు ఎత్తు లేస్తే వాళ్ళకు మంచి మొగడొస్తడంటరు." ఆ మాట దగ్గర ఇంకో రోజైతే నవ్వేదే. "పని ఆగొద్దని చీకటితోనే నడిచొచ్చినం. తొమ్మిదింటిదాంక కుట్టి, పోయి నీళ్ళు పోసి, పదకొండింటికి మళ్ళొచ్చినం. పగటీలి ఒకసారి, మాపటీలి ఒకసారి. తొమ్మిది దినాలు ఉప్పు కారం లేని తిండి. గా తిండి తిని ఆరువందల బడి అంగీలు కుట్టినం. ఎన్నడు గంత పని చెయ్యలే. సెంటర్ వస్తదని చేసినం."

అజయ్ పుస్తకంలో ఆ మంగళవారం ఎక్కడుందో వెతికాడు. అక్కడా ఐదే.

"గోరక్క కూసోమన్నదట గద?"

"అన్నది."

"మరెందుకు కూసోలే?"

జేబులో గుండీల అట్ట అలాగే ఉంది. అది తీసి చూపిస్తే జవాబు చెప్పినట్టే. కానీ ఎనిమిది మంది కడుపు మీద కొట్టింది ఒక మగపిల్లాడి అలక అని ఏ నోటితో చెబుతాడు? పుస్తకం మూసి లేచి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే హైదరాబాద్‌లోని మేనేజర్‌కు ఫోన్ చేశాడు. "సార్, నా మార్కులు తప్పు. మళ్ళీ చూడాలె."

"రిపోర్టు వెళ్ళిపోయిందయ్యా. అయినా మీ వైపు వాళ్ళకి ఎప్పుడూ పండగలూ బందులేగా! ఒక్కరోజన్నా ఒళ్ళొంచి పని చేస్తారేంటి?" అని నవ్వాడు ఆయన. అజయ్‌కు ఒళ్ళు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. తను కాగితం మీద రాసిందీ ఆ మాటే కదా.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. రైళ్ళు ఆగి ఆగి నడిచాయి. మేనేజర్ అజయ్‌ను భూపాలపల్లి పొమ్మన్నాడు. సైరన్‌కు లేచే ఊరు ఇప్పుడెలా ఉందో చూసి రాయాలట.

సైరన్ కూయడం లేదు. బొగ్గుబాయి కార్మికుడు సోమనర్సయ్య సమ్మె టెంటు కింద కూర్చుని ఉన్నాడు. అతని భార్య కుట్టుగదిలో పని చేస్తుంది.

"ముప్పై ఏండ్లల్ల ఒక్క షిఫ్టు తప్పలే నేను" అన్నాడు ఆయన. "ఇప్పుడు జీతం లేకుంట గీడ కూసున్న. పొద్దుగాల్నే వస్త, పొద్దూకినంక పోత. రాసుకో. గిది సుత డ్యూటీనే. నువ్వేం రాస్తవో నాకెర్క లేదు గని బిడ్డా, మనిషి పని ఎందుకు ఆపిండో అడగకుంట ఎట్ల రాస్తవ్?"

అజయ్ కాగితాలు మడిచేశాడు. తల దించుకుని మానుకోట సంగతి మొత్తం చెప్పుకున్నాడు. గుండీల సంగతితో సహా. సోమనర్సయ్య అంతా విని మొలలోంచి స్కూటర్ తాళం తీసి ఇచ్చాడు.

"నాకు చెప్పి ఏం లాభం? ఆ పిల్లకు చెప్పు. పో."

వంద కిలోమీటర్ల పైన, గుంతల రోడ్డు, మధ్యలో రెండు వానలు. అజయ్ చేరేసరికి కుట్టుగది సగం ఖాళీ అయింది. పిల్లలు పోతుండటంతో గది మూసేస్తూ మిషన్లకు గోనెసంచులు చుడుతున్నారు. రైళ్ళు సరిగా లేక ఇన్ని రోజులు ఆగిన ప్రయాణం మర్నాటికి కుదిరింది. అంటే సమ్మె అతనికి నెలరోజులు ఇచ్చింది. ఆ నెలంతా మేనేజర్‌కు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు గానీ, చెప్పాల్సిన మనిషి దగ్గరకు రాలేదు.

"నవ్యా, ఆ దినం నేను నీకోసం వచ్చిన. నువ్వు లేవని అలిగిన. అలిగి రాసిన." గుండీల అట్ట ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వంటే నాకు ఇష్టం. గిది అప్పుడే చెప్పాల్సింది."

నవ్య నీలం గుండీలను వేలితో తడిమింది. కళ్ళు నిండాయి.

"నాకు సుత ఆ మంగళవారం యాదికున్నది" అంది. "నీళ్ళు పోసి ఉరికొచ్చిన. పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. గోరక్క, ఇప్పుడే పోయిండన్నది."

"నేనేం చెయ్యాలె ఇప్పుడు?"

"ఇప్పుడేం చేస్తవ్? సెంటర్ తెస్తవా?" గోనెసంచికి ముడి బిగించింది. "రేపటి బండి మీ జనగామ మీదంగనే పోతది. స్టేషన్‌కు రాకు. నిన్ను చూస్తే శిరీష ఏడుస్తది. అందరికన్న చిన్నది."

అతను వెళ్ళలేదు. ఇంట్లోనే ఉండి రైలు కూత విన్నాడు. కొత్త సెంటర్‌కు యాభై మిషన్లు దిగాయని పుష్పమ్మ సంబరంగా చెబుతుంటే తినే పళ్ళెం పక్కకు జరిపాడు. ఆ నౌకరీ వదిలేశాడు. ఊళ్ళో ఒక బడిలో లెక్కల పంతులుగా చేరాడు. చాలా రోజులు నవ్య నంబర్ తీసి చూసుకునేవాడు, పెట్టేసేవాడు.

మరుసటేడు శ్రావణం వచ్చింది. తీజ్ ఎప్పుడో గోరీకి ఫోన్ చేసి తెలుసుకున్నాడు. హైదరాబాద్ పోయిన పిల్లలు తొమ్మిది రోజుల సెలవు మీద వస్తారంది. అజయ్ ముందురోజే మానుకోట చేరి, తెల్లారి ఐదింటికల్లా పాత కుట్టుగది మెట్ల మీద కూర్చున్నాడు. గది ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఐదు, ఎనిమిది, పది దాటింది. దుకాణం వాడు రెండుసార్లు ఏం కావాలని అడిగాడు. పదకొండింటికి కొంచెం ముందు, మార్కెట్ వైపు నుంచి నవ్య వచ్చింది. చిక్కిపోయింది. అతనొస్తాడని గోరీ చెప్పి ఉంటుంది.

"ఎప్పటి సంది కూసున్నవ్?"

"ఐదింటి సంది."

"చొక్కా గుండీ ఎవలు కుట్టిండ్రు?"

"నేనే. మూడు నిమిషాలు పట్టింది."

నవ్వు రాబోయి ఆగింది. పక్క మెట్టు మీద కూర్చుంది.

"ఎనిమిది మందిమి పోతిమి గద. ముగ్గురమే వచ్చినం. మిగిలినోళ్ళకు లీవియ్యలే. శిరీష బుట్ట ఖాళీగున్నది ఈ యేడు. వాళ్ళ యాడి, అదే వాళ్ళమ్మ, ఆ బుట్ట చూసుకుంట ఏడుస్తున్నది."

అజయ్ తల దించుకున్నాడు. అలాగే అడిగాడు. "మీ బాపు దగ్గరికి వచ్చి అడుగుదామని వచ్చిన నవ్యా. నిన్ను నాకియ్యమని."

"మా బాపు మంచోడు. అడిగితే సరేనంటడు." ఆమె చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "గని నేననలేను. నా దోస్తులు ఒక్కో రూముల పదిమంది పండుకుంటుంటే, నేను పోయి జనగామల ఆ సెంటర్ పక్కన ఎట్ల కాపురం చేస్త? చెప్పు."

"అయితే నేనేం చెయ్యాలె?"

"ఒక్కొక్కల దగ్గరికి పో. ఏం జరిగిందో నీ నోటితోని చెప్పు. తిడ్తే పడు. ఏడిస్తే కూసో. మల్ల లేచి ఉరకకు."

అజయ్ జేబులోంచి పెన్ను తీశాడు. రాసుకోవడానికి కాగితం లేక, నిరుడు గుండీలు కొన్నప్పటి పాత రసీదు వెనక్కి తిప్పాడు. నవ్య ఒక్కో పేరూ చెబుతుంటే ఒక్కొక్కటిగా రాశాడు. ఏడు పేర్లయ్యాయి.

"ఎనిమిదోది?"

"ఎనిమిదోది నేనే. నా దగ్గరికి ఆఖర్న రా."

ఆమె లేచింది. మధ్యాహ్నం నీళ్ళు పోసే వేళవుతోంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"శిరీషకు ఆదివారమే సెలవు. పొద్దుగాల పోకు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకుంటది. లేచేదాంక కూసో."

"కూసుంట" అన్నాడు అజయ్.