ఆకు మేసే చప్పుడు

“ఆ పూలు తీసేయండి.”

ప్రమోదతో పురుషోత్తమ్ అన్న మొదటి మాట అదే.

పిల్లనిచ్చే ముందు పెద్దలు పోయి పిల్లోడి ఇల్లు చూసి రావడం ఆనవాయితీ. బాగేపల్లిలో కంప్యూటర్ నేర్పే ప్రమోద మాత్రం తానూ చూడాల్సిందేనని పట్టుబట్టి, తండ్రి ఆంజనేయప్ప వెంట చింతామణి దగ్గర పురుషోత్తమ్ వాళ్లుండే ఈ పల్లెకు వచ్చింది. వచ్చిన సంబంధాలన్నీ వద్దన్న కూతురు ఇల్లు చూస్తాననడమే ఆయనకు పండగ.

“పట్టుపురుగులకు మల్లెల వాసన పడదు,” పురుగులు పెంచే షెడ్డు వాకిట్లో ఆమె చేతుల మీద నీళ్లు పోస్తూ చెప్పాడు పురుషోత్తమ్.

“పెండ్లయినాక గూడా పెట్టుకోకూడదా?”

“షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు.”

“ఎప్పుడుంటాది ఖాళీగా?”

అతను నిజంగానే ఆలోచించాడు. “కడిగేటప్పుడు.”

నవ్వు ఆపుకుంటూ ప్రమోద లోపలికి అడుగుపెట్టింది. బయట ఎండ మండుతుంటే లోపల వాన చప్పుడు. వేల పురుగులు ఆకు మేస్తున్నాయి. అతను ఒక పురుగును తీసి, తన వేలు తగలకుండా ఆమె అరచేతిలో పెట్టాడు. చల్లగా, మెత్తగా ఉంది. ఇంత సుతారమంతా పురుగుల మీదే ఖర్చయిపోతే ఇంట్లో మనిషికి మిగిలేదెంత అనుకుంది.

“మీ అమ్మా నాయనా ఏం మాట్లాడుకుంటారు?”

“‘ఆకు కోసినావా’ అంటాది అమ్మ. ‘ఆకు వేసినావా’ అంటాడు నాయన. అంతే.”

“నేనూ నా ఫ్రెండ్సూ పెండ్లి వద్దంటే, టీవీ చూసి చెడిపోయినామంటాడు మా నాయన. ఇండ్లు చూసి చెడిపోయినామని ఎట్ల చెప్పేది?”

అతని ముఖంలోకి నవ్వు వచ్చింది కానీ నిలవలేదు.

“అమ్మకు చేతులు చాలడం లేదు. దానికే నాకు పెండ్లి చేస్తాండారు. నాకైతే మీరు నచ్చినారు. అందుకే చెప్తాండా, వద్దనండి.”

“అంత నచ్చినానా?”

“అంత.”

ఆమె పురుగును ఆకు మీద జాగ్రత్తగా వదిలింది. ఇంకొక్క నిమిషం ఉంటే సరేననేసేది. ఉండకుండా బయటికి వచ్చి, తండ్రికి తల అడ్డంగా ఊపింది.

బస్సు కదిలాక ఆంజనేయప్ప ఉండబట్టలేకపోయాడు.

“పిల్లోడు బాగలేడామ్మా?”

“బాగుండాడు.”

“ఇల్లు?”

“అదీ బాగుండాది.”

“మరి యాల వద్దంటివి తల్లీ?”

“ఆయప్పా వద్దనే అన్నాడు నాయనా. మొగుడూ పెండ్లామూ ఇంతగా ఒక మాట మీద ఉండేది నేను యాడా చూడలేదు.”

అని ప్రమోద కిటికీ వైపు తిరిగింది. బాగేపల్లి వచ్చేదాకా ముఖం ఇటు తిప్పలేదు.