లేని భర్తకు కబురు

ఆఫీసు కంప్యూటర్లో తెరిచిన వంటల పేజీ, ఇంటి కంప్యూటర్లో సగంలో వదిలేసిన రైలు టికెట్టు. రెండింటినీ కలిపి హేమసుందరి ఒక పౌరుడి ఏకజాడలోకి వదిలింది. ఇక అతను ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అదే చరిత్ర, అవే పాస్‌వర్డులు. విశాఖ సంధానశాలలో, జాడలు కలిపే యంత్రం మొరాయించిన చోట చెయ్యి వేయడమే ఆమె ఉద్యోగం.

తర్వాతి ఫిర్యాదు గౌరునాయుడిది. భార్య సుభాషిణి జాడ ఇంటి కంప్యూటర్‌కు రావడం లేదట. హేమసుందరి ఫోన్ చేసింది.

"మా ఆవిడ లైబ్రరీలో ఏదో కంప్యూటర్ వాడతాదండి. అందులోవన్నీ ఇంట్లోదానికి వచ్చీలా చూడండి."

"ఒకసారి ఆవిడతో మాట్లాడొచ్చా?"

"దాంతో మీకేటి పని? మనిషికొకటే జాడని చట్టం కదా!"

వెనక ఎవరో దగ్గబోయి చప్పున ఆపుకున్నట్టు వినిపించింది.

హేమసుందరి రెండు జాడలూ పక్కపక్కన తెరిచింది. ఇంటిదాంట్లో సీరియళ్లు, చీరలు. లైబ్రరీదాంట్లో వేరే ప్రశ్నలు. విరిగిన వేలు దానంతటదే అతుక్కుంటుందా? పిల్లను తీసుకెళితే కేసు పెడతారా? బరంపురంలో మహిళల ఆశ్రయ గృహం ఎక్కడ? సంధానం చెడిపోలేదు, సుభాషిణే ఆపుకుంది.

"ఏటమ్మా, ఆగిపోయావు?" సూపర్‌వైజర్ దాలినాయుడు వెనకే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో!

"ఆవిడకి ఇష్టం లేదు సార్."

"ఇష్టాలు మనకెందుకు? కలిపీ."

అతను వెళ్లేదాకా ఆగింది. కలపకుండా ఉండాలంటే దారి ఒక్కటే. లైబ్రరీ జాడ వేరే మనిషిదని చెప్పి, ఆ మనిషి పౌరసంఖ్య ఇవ్వాలి. ఆమె తన సంఖ్యే కొట్టింది. ఆ వేలు, ఆ పిల్ల, ఆ ఆశ్రయం అన్నీ హేమసుందరివైపోయాయి. గౌరునాయుడికి మళ్లీ ఫోన్ చేసింది.

"చూశామండీ. లైబ్రరీలో మీ ఆవిడ జాడేమీ లేదు."

అతను నమ్మాడో లేదో, ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి హాల్లో తెరలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. దాలినాయుడు పరుగున వచ్చాడు.

"ఏటి చేసీసావమ్మా? ఇల్లొదిలే ఆడోళ్ల జాడ కనబడితే యంత్రం మొగుడికి కబురు పెట్టాల. నీ మొగుడెవరని ఊరంతా వెతుకుతోంది, అది తేలీదాకా ఇంకెవరికీ కబురు పోదు! నీకసలు పెళ్లే అవలేదు కదా!"

ఇలాంటి కబుర్లు వెళుతున్నాయని ఆమెకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. ఇప్పటిదాకా తాను కలిపిన జాడల్లో ఎందరు సుభాషిణులో!

"వెంటనే సరిచెయ్యి" అన్నాడు దాలినాయుడు.

హేమసుందరి కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వెతకనివ్వండి సార్."