బామ్మ చూసిన వరస

ఆస్పత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరే. గొడుగులు బాగుచేసే అబ్బాయి, ఐస్ డబ్బాను గుండెలకు హత్తుకున్న అమ్మాయి.

"కంగారు పడకండి. నేను లిఫ్టు మెకానిక్‌నే," అంది ఆమె.

"అయితే బాగుచెయ్యండి."

"పనిముట్లు తేలేదు."

"మరి డబ్బాలో ఏముంది?"

"అడక్కండి."

అడగొద్దంటే ఊరుకునే నోరు కాదు అతనిది. చివరికి ఆమెకు ఒళ్లు మండింది.

"నా మలం! చాలా? నా పేగుల్లో మంచి బాక్టీరియా ఉందట. దాన్ని మాత్రల్లో పెట్టి హెచ్ఐవీ ఉన్నవాళ్ల మీద పరీక్షిస్తున్నారు. ఇంతమందిలో నన్నొక్కదాన్నే సెలెక్ట్ చేశారు, తెలుసా!"

అతను డబ్బా వైపు వేలు చూపించాడు.

"ఆ మాత్రలు మింగేవాళ్లలో నేనొకణ్ణి. మందులతో వైరస్ అణిగింది, నానుంచి ఎవరికీ అంటదు. ఇమ్యూనిటీయే పుంజుకోవట్లేదు. కొందరికి మందులేని డమ్మీలిస్తారట, ఎవరికేవో చివరిదాకా చెప్పరు. నావి మాత్రం అసలువే అయ్యుంటాయి."

లిఫ్టు కదిలేసరికి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ తర్వాత వాన పడినా పడకపోయినా ఆమె గొడుగు పాడయ్యేది. అతని కొట్లో కూర్చుని పచ్చి కారెట్లు కరకరా నమిలేది. కారెట్ వాసనకే ముఖం తిప్పుకునే అతను కూడా నమలడం మొదలుపెట్టాడు.

"చూశావా, నీ బాక్టీరియా మహిమ!"

"పోన్లే, నా తరఫున అవైనా మాట్లాడుతున్నాయి," అంది ఆమె, గొడుగు చాటుకు జరిగి.

పెళ్లి మాట ఎత్తడానికి ఆమెను ఇంటికి తీసుకెళ్లాడు. అతన్ని పెంచింది బామ్మే. ఆవిడ కాదంటే అతను అడుగు ముందుకెయ్యడు. బామ్మ మురిసిపోతుంటే, మనవడు ఉత్సాహం పట్టలేక మాత్రల సంగతి కూడా చెప్పేశాడు.

బామ్మ కుర్చీలో కూలబడింది. "ఈ పిల్ల ఒంట్లోది నీ ఒంట్లో ఉందా? ఇంకేముంది, తోబుట్టువులైపోయారు! అమ్మాయ్, అన్నయ్యకి మంచినీళ్లివ్వు."

"బామ్మా! హెచ్ఐవీ అన్నప్పుడు కూడా ఇంత గోల చెయ్యలేదే!"

"దానికి మందులున్నాయిరా. వరస తప్పితే మందేది?"

ఆమె తలొంచుకుని గ్లాసు అందించింది. అతనికి ఏడుపొచ్చింది.

పరీక్షలు ముగిశాక ఎవరికేవిచ్చారో చెప్తామని ఆస్పత్రివాళ్లు పిలిస్తే ముగ్గురూ వెళ్లారు. డాక్టరమ్మ కంప్యూటర్ చూసి, నొచ్చుకుంటూ చెప్పింది.

"సారీ బాబూ, నీకిచ్చినవి డమ్మీలు. ఉత్త పిండి."

"మరి నా ఇమ్యూనిటీ కణాలు కాస్త పెరిగాయన్నారుగా?"

"రోజూ వేసుకునే మందుల వల్ల కావచ్చు. వాటిని మాత్రం మానకు."

"వరస కుదిరింది!" బామ్మ లేచి డాక్టరమ్మను వాటేసుకుంది.

అతని ముఖం మాత్రం వాడిపోయింది. "అంటే నీది నాలో ఏమీ లేదా?"

"పిసరు కూడా లేదు."

"మరి కారెట్లు?"

ఆమె సంచిలోంచి ఒక కారెట్ తీసి రెండుగా విరిచింది. "అవి నువ్వే తిన్నావు, మొద్దూ. నా పక్కన కూర్చోవడానికి."

అతను ఆలోచించాడు. నిజమే. కారెట్ వాసన అతనికి ఇప్పటికీ పడదు.

"ఇటివ్వు," అని చెయ్యి చాపాడు.